నిండు కడుపుతో చచ్చిన బ్యాటరీ

"మీ అమ్మను చంపింది నువ్వేనా?" అని అడిగింది పట్టకారు.

"అవును," అన్నాడు తమ్ముడు.

ఇంత తేలిగ్గా దొరికే జవాబంటే ఆమెకు మొదటినుంచీ గిట్టదు. తప్పు చేసినవాడు నీళ్ళు నములుతాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు, అదీ చేతకాకపోతే గోడకేసి చూస్తాడు. ఇతను మాత్రం కూరలో ఉప్పెక్కువైందా అని అడిగినట్టు, ఆమె మొహంలోకి సూటిగా చూసి అవునన్నాడు. ఇలా ఒప్పుకునేవాళ్ళకి సాధారణంగా అసలు విషయం తెలియదు.

ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు తనిఖీ చేసే రోజుల్లో తోటివాళ్ళు ఆమెకు పెట్టిన పేరు పట్టకారు. పట్టుకుంటే వదలదని. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టాక ఆ పేరు బోర్డు మీదికి ఎక్కలేదు గానీ జనం నోళ్ళలోంచి దిగనూ లేదు.

ముందుగదిలో నలుగురున్నారు. కుర్చీలో అన్న, మందుల షాపు నడిపే మనిషి, పెన్ను జేబులో పెట్టుకుని తయారుగా కూర్చున్నాడు. గుమ్మం దగ్గర నేలమీద తమ్ముడు, వీధి చివర ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేసేవాడు. ఇద్దరి మధ్యా ఎవరి పక్కకీ ఒరగకుండా నిలబడింది అన్న భార్య. పట్టకారును పిలిపించింది ఆవిడే. ఊపిరితిత్తుల ఆసుపత్రి క్యూలో ఇద్దరికీ పరిచయం. ఈవిడ అత్తగారిని తీసుకొచ్చేది, పట్టకారు తన భర్తను తీసుకెళ్ళేది. ఆ ఆసుపత్రి గేటు దగ్గరే బల్ల వేసుకుని కూర్చున్న కంపెనీవాళ్ళు ఇద్దరికీ ఒకే రకం సోలార్ బ్యాటరీ అంటగట్టారు. పగలంతా ఎండ తాగుతుంది, కరెంటు పోతే ఆక్సిజన్ మిషన్ను అదే నడుపుతుంది, ఇక సిలిండర్లతో పనేమిటి, ఇటిచ్చేయండి, ధర తగ్గిస్తాం అన్నారు. ఇద్దరూ ఇచ్చేశారు.

రెండు వారాల కిందట, గురువారం మధ్యాహ్నం రెండింటికి ఈ ఇంట్లో కరెంటు పోయింది. బ్యాటరీ అందుకోలేదు. మిషన్ ఆగింది, దాంతోపాటు అత్తగారూ ఆగిపోయింది. వచ్చి చూసిన కంపెనీ, బ్యాటరీ మూత మీద సీలు చిరిగి ఉంది, పరాయివాళ్ళు విప్పారు, వారంటీ చెల్లదు అని తేల్చేసింది. పరాయివాళ్ళంటే తమ్ముడు. ఇంట్లోవాళ్ళ తప్పేనని సంతకం పెడితే దయతలచి కొత్త బ్యాటరీ ఇస్తామంది. ఆ సంతకం కాగితం పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్తానని అన్న పంతం పట్టాడు. పాత బ్యాటరీ తీసుకుపోవడానికి నాలుగింటికి వ్యాను వస్తుంది. అది వెళ్ళిపోతే తమ్ముడు జన్మంతా తల్లిని చంపినవాడే.

"ఎలా చంపావో చెప్పు," అంది పట్టకారు.

"వదిన ఫోన్ చేసింది. పరిగెత్తుకొచ్చాను. అమ్మని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాల్సింది. నేను బ్యాటరీ దగ్గరికి పరిగెత్తాను."

"ఎందుకు?"

"రిపేరువాణ్ణి కదా మేడమ్. ఏది ఆగినా చెయ్యి ముందు మూత మీదికే పోతుంది." తన అరచేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. "మూత తీశాను. కాలిన వాసన లేదు. వైరు ఊడలేదు. ఎక్కడివక్కడే ఉన్నాయి. అన్నీ బాగుంటే ఎందుకు ఆగిందా అని చూస్తూ కూర్చున్నాను. వదిన కేక వేసేదాకా చూస్తూనే ఉన్నాను."

"చిన్నప్పటినుంచీ ఇంతే," అన్నాడు అన్న. "గడియారం విప్పాడు, రేడియో విప్పాడు. ఏదీ మళ్ళీ బిగించిన పాపాన పోలేదు. ఆఖరికి అమ్మ ప్రాణం మీదికి తెచ్చాడు."

"ఆ రేడియో బాగుచేశాడండీ. అత్తయ్య పోయేదాకా అదే వింది," అంది వదిన. అన్న వినిపించుకోలేదు.

"మూత తీసేటప్పటికి సీలు ఎలా ఉంది? బాగుందా, చిరిగి ఉందా?"

"చూళ్ళేదు మేడమ్."

పట్టకారు లోపల్లోపల తిట్టుకుంది. చిరిగే ఉందని ఒక్క ముక్క అని ఉంటే సగం పని అయిపోయేది. నిజం చెప్పేవాళ్ళతో వచ్చే చిక్కే ఇది, అవసరానికి ఒక్క అబద్ధం కూడా ఆడరు.

ఆమె ఫోన్ మోగింది. ఇంటినుంచి ఆయన.

"ఏమేవ్, పొద్దున్న ఆ కుర్రాడు వచ్చి ఏం మంత్రం వేశాడో గానీ, నీ బ్యాటరీ పచ్చ చొక్కా విప్పి పసుపు చొక్కా తొడుక్కుంది."

"మీకేం పని లేదా? నేను విచారణలో ఉన్నాను. మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నా. మిషన్ ఊదుతోంది, నేను పీలుస్తున్నా. ఊపిరికి కూడా టికెట్ కొనాల్సిన రోజులొచ్చాయే."

జీవితమంతా రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసిన మనిషి. పెళ్ళైన నాటినుంచీ ప్రతిదానికీ అదే జోకు. ఆమె నవ్వు ఆపుకుని ఫోన్ పెట్టేసింది.

బ్యాటరీ మెట్ల కింద గదిలో ఉంది. గది అనడం మర్యాదకి, వంగి దూరితే ఒకరు పడతారు. గోడకి బిగించిన తెల్లటి పెట్టె, ఒడ్డూ పొడుగూ బట్టల బీరువా తలుపంత. కింద చీపురు, పక్కన అత్తగారి చక్రాల కుర్చీ మడిచి పెట్టి ఉంది. ఆ కుర్చీని ఎవరూ పక్కకి జరపలేదు. పట్టకారే జరిపింది.

సీలు సగానికి చిరిగి ఉంది. చిరిగిన అంచు కింద జిగురు ఎండి నల్లబడి, దానిమీద దుమ్ము పేరుకుంది. వేలితో తడిమి చూసింది. మూత తనే తీసింది. లోపల వరసగా లావాటి బోల్టులు. ఒక్కో బోల్టు మీంచి పక్కనున్న రేకు మీదికి ఎర్రరంగు పెన్నుతో ఒక గీత.

"ఈ గీతలేమిటి?" అని అడిగింది వదిన.

"బిగించినవాడు బిగించానని పెట్టుకునే గుర్తమ్మాయ్. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. ఫ్యాక్టరీలు తగలబడినప్పుడు మేం మొట్టమొదట చూసేది ఈ గీతల్నే." టార్చి వేసి ఒక్కొక్కటే చూసింది. "ఒక్కటీ విరగలేదు. మీ మరిది మూత తీశాడు, కళ్ళతో చూశాడు. వేలు పెట్టలేదు."

వదిన కళ్ళు తుడుచుకుంది. ఆవిడకి ఆ ముక్క చాలు. కానీ పట్టకారుకి చాలదు.

బయట వ్యాను ఆగిన చప్పుడైంది. గోడ గడియారం చూస్తే ఇంకా మూడు.

"నాలుగింటికి అన్నారుగా?" అంది వదిన.

"ఆ వచ్చే ఆఫీసరుకి తొందరెక్కువ," అంది పట్టకారు నడుం పట్టుకుని లేస్తూ. "నేను వచ్చానని తెలిసుంటుంది."

వచ్చినవాడు కంపెనీ తరఫున ఇలాంటి పేచీలు తేల్చే అధికారి. పాత ఇన్సూరెన్సు ఆఫీసులో అతని పేరు ఇస్త్రీ. చొక్కా మీద ముడత ఉండదు, ఎంత ముడతలుపడ్డ కేసునైనా సాయంత్రానికి చదును చేసేస్తాడు. తనిఖీ పని నేర్పింది పట్టకారే. ఆమె క్యారేజీలో అన్నం తిన్నాడు, ఆమె మొగుణ్ణి బావగారూ అని పిలిచాడు. మంచి పనివాడు కూడా. అదే ఆమెకు కడుపుమంట.

"అక్కా, బాగున్నావా? బావగారు కులాసానా?"

"కులాసానే. నువ్వు గంట ముందొచ్చావే?"

"రోడ్డు ఖాళీగా ఉంది." అన్న వైపు తిరిగి కాగితం తీశాడు. "సార్, ఇక్కడొక సంతకం. పావుగంటలో మీకు ఈ గోల ఉండదు."

అన్న పెన్ను తీశాడు.

"బోల్టుల మీద గీతలు చూశావా?" అంది పట్టకారు.

"చూశాను."

"విరగలేదు."

"విరగలేదక్కా. లోపల ఏం చేశాడని నేను అన్లేదుగా. మూత తియ్యడమే తప్పు. వారంటీలో ఆ ముక్కే ఉంటుంది. దొంగ ఇంట్లోకి దూరి ఏమీ ఎత్తుకెళ్ళకపోయినా దొంగే."

"సీలు ఆ గురువారం చిరిగింది కాదు. అంచున దుమ్ము చూడు, జిగురు చూడు. అంతకు ముందు సోమవారం మీవాడే వచ్చి చించాడు. వీళ్ళు కంప్లయింటు ఇస్తే చూడ్డానికొచ్చినవాడు."

"చింపితే కొత్తది అతికించి పోతాడు."

"పోడు." ఇక్కడ పట్టకారు గొంతులో కొంచెం గర్వం తొంగిచూసింది. "నిన్న నేనూ ఒక కంప్లయింటు ఇచ్చాను. మా ఇంట్లో బ్యాటరీ గుండ్రాయిలా ఉంది. అయినా సరిగ్గా నడవట్లేదని అబద్ధమాడాను. అదే కుర్రాడొచ్చాడు. నా కళ్ళముందే సీలు చించి, మూత తీసి, రెండు ఫొటోలు తీసుకుని పోయాడు. కొత్త సీలేదిరా అంటే, కంప్లయింటు మూసేదాకా ఇవ్వరండీ అన్నాడు. అంటే కంప్లయింటు ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ సీలు చిరిగే ఉంటుంది. చిరిగింది కాబట్టి ఏ ఇంటికీ వారంటీ ఉండదు. ఎంత తెలివైన రూలయ్యా! రోగం వచ్చిందని చెప్పుకున్నవాడికి వైద్యం లేదు."

ఆమె ఊహించినట్టు ఇస్త్రీ బుకాయించలేదు. అతని మొహంలో ఒక ముడత పడింది. ఇన్నేళ్ళలో ఆమె దాన్ని చూడ్డం అదే మొదలు.

"బావగారి బ్యాటరీ మీద కంప్లయింటు ఇచ్చావా?"

"ఇచ్చాను."

"కుర్రాడు ఎప్పుడొచ్చాడు?"

"పొద్దున్న. పదింటికి. ఏం?"

ఇస్త్రీ నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. తర్వాత గడియారం వంక. "ఏం లేదు," అన్నాడు. "ఇంట్లో బావగారు ఒక్కరే ఉన్నారా?"

దొరికిపోయినవాడు మాట మారుస్తున్నాడనుకుంది పట్టకారు. పట్టుకున్నదాన్ని మరింత బిగించాలనే తప్ప, ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందని ఆలోచించలేదు.

"కుశల ప్రశ్నలు తర్వాత. ఇంతకీ ఈ బ్యాటరీకి వచ్చిన జబ్బేమిటి?"

"సెల్స్ చచ్చిపోయాయి. చార్జి నిలవదు."

"పరీక్ష చేశావా?"

"ల్యాబులో చేస్తారు."

"అయితే శవపరీక్షకు ముందే చావు కారణం రాసేశావు. నేను నేర్పింది ఇదేనా?" తమ్ముడి వైపు తిరిగింది. "నీ మీటరు తీసుకురా."

తమ్ముడు కదల్లేదు. ఆ గురువారం నుంచి అతను ఒక్క పనిముట్టు కూడా ముట్టుకోలేదని వదిన నెమ్మదిగా చెప్పింది. షాపు తీస్తాడట, స్టూలు మీద కూర్చుంటాడట, ఎవరైనా ఫ్యాను తెస్తే రేపు రమ్మంటాడట. అతని సంచీ ఆ రోజు పడేసిన చోటే, చక్రాల కుర్చీ వెనకే ఉంది. ఆవిడే వెళ్ళి తెచ్చి, అందులోంచి మీటరు తీసి మరిది ఒళ్ళో పెట్టింది.

"నా కోసం చూడు నాయనా," అంది. "ఈ ఒక్కసారీ."

"అక్కా, అది కంపెనీ సొత్తు. పరాయివాళ్ళు ముట్టుకోకూడదు," అన్నాడు ఇస్త్రీ.

"సంతకం అయ్యేదాకా నాది," అన్నాడు అన్న ఉన్నట్టుండి. ఎందుకన్నాడో అతనికే తెలియనట్టు పెన్ను వంక చూసుకున్నాడు. "చూడనివ్వండి. చచ్చిందో లేదో నేనూ చూస్తాను."

తమ్ముడు మెట్ల కిందికి దూరాడు. మీటరు మొనలు రెండూ బోల్టులకి ఆనించాడు. చూశాడు. తీసి, చొక్కాకి తుడిచి మళ్ళీ ఆనించాడు. అలా మూడోసారి కూడా చేస్తే అన్నకి విసుగొచ్చింది.

"ఏమైందిరా?"

"నిండుగా ఉంది."

"అంటే?"

"అంటే ఇందులో కరెంటు ఉందన్నయ్యా. నిండా ఉంది." మొనలు తీసి వెనక్కి తిరిగాడు. "పైన ప్యానెళ్ళ స్విచ్చి ఎప్పుడు దింపారు?"

"ఆ సాయంత్రమే. నేనే దింపాను. దాని మొహం చూడ్డం ఇష్టంలేక."

"అయితే ఇది ఆ రోజుదే. అమ్మ పోయిననాటి చార్జే ఇది. ఎక్కిందేమీ లేదు, ఖర్చయిందేమీ లేదు."

కరెంటు లేక ఊపిరందక ఒక మనిషి పోయింది, ఆ కరెంటు పది అడుగుల దూరంలో పెట్టెలో నిండుగా, భద్రంగా కూర్చుంది. అంతకన్నా పచ్చి నిజం పట్టకారు ఈ ఉద్యోగంలో వినలేదు.

"లోపల ఉంటే ఇంట్లోకి ఎందుకు రాలేదు?" అని అడిగింది వదిన.

తమ్ముడు మొనలు బయటికి వచ్చే వైర్ల దగ్గర పెట్టాడు. "ఇక్కడ సున్నా. మధ్యలో ఒక స్విచ్చి ఉంటుంది వదినా. మన చేతికి అందేది కాదు. బ్యాటరీకి ఇంటర్నెట్ ఉందిగా, వాళ్ళు ఆఫీసులో కూర్చుని కట్టెయ్యగలరు." ఇప్పుడు అతను మాట్లాడే తీరు మారింది. రిపేరువాడి గొంతు తిరిగొచ్చింది. "ఇది పాడవలేదు. దీన్ని ఎవరో ఆపారు."

"కంప్లయింటులో ఏం రాశారమ్మాయ్? సోమవారం ముందు ఎంతసేపు నడిచేది?"

"రోజంతా రావాల్సింది మూడు గంటలే వస్తోందని రాశాం."

"కంప్లయింటు ఇవ్వకముందు మూడు గంటలు," అంది పట్టకారు ఇస్త్రీని చూస్తూ. "ఇచ్చాక మూడు నిమిషాలు కూడా లేదు. పేచీలో ఉన్న బ్యాటరీని మీరు లాకు చేస్తారు. వాడుతుంటే ఇంకా పాడవుతుంది, మీ మీదికి ఇంకా పెద్ద క్లెయిము వస్తుందని. సోమవారం నుంచి గురువారం దాకా లైన్లో కరెంటు ఉంది కాబట్టి ఈ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. గురువారం తెలిసింది. అంతేనా?"

"అలాంటి లాకేదీ లేదు," అన్నాడు ఇస్త్రీ. ఆ మాట మాత్రం నున్నగా, మడత నలక్కుండా వచ్చింది.

"సోమవారం నుంచే," అంది వదిన తనలో తాను. "నేను చూశాను. ఆ కుర్రాడు వెళ్ళిన కాసేపటికే మూతకి దిగువన చిన్న లైటు మారింది. అంతకుముందు ఎప్పుడూ పచ్చగా వెలిగేది. పసుపుపచ్చగా అయింది. బాగుచేశాడు కాబోలు అనుకున్నా. నాలుగు రోజులూ దాని పక్కనుంచే తిరిగాను. చీపురు కోసం వంగినప్పుడల్లా చూశాను."

పట్టకారు చేతిలో టార్చి కిందపడింది.

పచ్చ చొక్కా విప్పి పసుపు చొక్కా తొడుక్కుంది. ఆయన చెప్పాడు. మాత్ర వేసుకున్నారా అని అడిగింది తను. పొద్దున్న కుర్రాడు సీలు చించుతుంటే చూసింది, అతికించకుండా పోతుంటే చూసి మురిసిపోయింది, దొంగ దొరికాడని పరుగున ఇక్కడికి వచ్చింది. ఎర వేశాననుకుంది. ఆ గాలానికి ఇంటాయన్నే గుచ్చింది. ఇస్త్రీకి ఆ సంగతి అరగంట కిందటే అర్థమైంది, అందుకే ఫ్యాను వంక చూశాడు.

నెత్తిమీద ఆ ఫ్యాను ఇప్పుడు నెమ్మదిస్తోంది. రెక్కలు ఒక్కొక్కటిగా కనబడుతూ చివరికి ఆగిపోయింది. పక్కింట్లో టీవీ నోరు మూసింది. ఎండాకాలం, మూడున్నర. ఈ వేళప్పుడు పోతే ఒక వీధిలో పోదు.

ఆమె ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"ఏమే... కరెంటు పోయింది. బ్యాటరీ ఉందిగా అనుకున్నా..." మాటకీ మాటకీ మధ్య ఈల వేసినట్టు ఊపిరి. "మిషన్... ఊదట్లేదు."

"మాట్లాడకండి. కిటికీ దగ్గర కూర్చోండి. ముందుకు వంగండి. ఫోన్ పెట్టెయ్యకండి. మాట్లాడకండి."

వదిన అప్పటికే తన ఫోన్లో అంబులెన్సుకి చిరునామా చెబుతోంది. బయల్దేరతారట, ఎంతసేపు పడుతుందో చెప్పలేరట. ఇల్లు వంతెన అవతల. సిలిండరు లేదు. సంతోషంగా ఇచ్చేసిన సిలిండరు.

పట్టకారు ఇస్త్రీ ముందుకొచ్చి నిలబడింది. "లాకు తియ్యించు."

అతని చొక్కా చంకల కింద తడిసింది. లాకు తీయమని ఫోన్ చేస్తే లాకు ఉందని ఒప్పుకున్నట్టే. ఇంతమంది సాక్షుల ముందు, చేతిలో సంతకం కాని కాగితంతో. ఆ లెక్క అతని కళ్ళలో కదలడం ఆమెకు కనబడింది. అలా లెక్కలు వెయ్యడం నేర్పింది తనే. "నువ్వు మా ఇంట్లో అన్నం తిన్నావురా," అంది. కేసుల్లో ఇలాంటి మాట వాడకూడదని కూడా అతనికి నేర్పింది తనే.

"అక్కా, నా ఉద్యోగం..."

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. పేరు ఊరికే రాలేదు. ఎముక నొక్కుకుపోయేలా పట్టుకుని, అతని రెండో చేతిలో ఉన్న ఫోన్ వైపు గడ్డంతో చూపించింది.

ఇస్త్రీ నంబరు వెతుక్కోలేదు. గుర్తున్న నంబరే నొక్కాడు. మోగుతుండగా ఆమె బొటనవేలితో స్పీకరు నొక్కింది. అవతల ఒక అమ్మాయి గొంతు, నిద్రమత్తుతో, విసుగు లేకుండా.

"చెప్పండి సార్."

"ఒక లాకు తియ్యాలి. వెంటనే."

తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. అన్న చేతిలోంచి పెన్ను జారి దొర్లుకుంటూ పోయింది.

"ఏ ఇంటిది సార్?" అంది అమ్మాయి. "ఇప్పుడు కరెంటు పోయిన ఏరియాలో లాకులో ఉన్నవి ముప్పై దాకా ఉన్నాయి."

ఇస్త్రీ స్పీకరు ఆపబోతే పట్టకారు మణికట్టు మెలిపెట్టింది.

"అన్నీ ఆసుపత్రి స్కీములోవే సార్. అన్నీ తీసెయ్యమంటారా? అన్నీ తీస్తే మాత్రం రికార్డుకెక్కుతుంది. ఒక్కటైతే టెస్టు కోసమని పెట్టేస్తాను."

ఆమె రెండో చేతిలోని ఫోన్లోంచి ఆయన ఊపిరి ఈల.

ఇస్త్రీ పట్టకారు కళ్ళలోకి చూశాడు. "ఒక్కటే," అన్నాడు. ఆమె ఇంటి చిరునామా చెప్పాడు. అతనికి అది కంఠతా వచ్చు.

ఆ క్షణంలో పట్టకారు గుండె కుదుటపడింది. అడ్డు చెప్పాలని తోచనే లేదు. చెవి దగ్గర ఫోన్లో ముందు టిక్కుమన్న చప్పుడు, తర్వాత మిషన్ ఊదడం మొదలైన చప్పుడు, చాలాసేపటికి ఆయన గొంతు. "పచ్చ చొక్కా... వేసుకుందే." ఇస్త్రీ మణికట్టు మీద ఆమె వేళ్ళు సడలాయి. ఆ తర్వాతే సిగ్గు ముంచుకొచ్చింది. ముప్పై ఇళ్ళలో ఎక్కడో ఒక కోడలు ఇప్పుడు మెట్ల కిందికి పరిగెడుతుంటుంది. ఎక్కడో ఒక కొడుకు మూత తీసి, అన్నీ బాగానే ఉన్నాయే అని చూస్తూ కూర్చుని ఉంటాడు.

ఇస్త్రీ ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు.

గడియ పడిన చప్పుడైంది. తమ్ముడు వీధి తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. చేతిలో మీటరు ఇంకా అలాగే ఉంది. అన్న కుర్చీలోంచి లేచి వెళ్ళి తమ్ముడి పక్కన నిలబడ్డాడు.

"ఫోన్ పెట్టెయ్యకండి సార్," అన్నాడు తమ్ముడు. "ఇంకా ఇళ్ళున్నాయి."

పట్టకారు సడలిన వేళ్ళను మళ్ళీ బిగించింది.